ఆరు ఇటుకలు, పెద్దవాళ్ల ఆట

శ్రోతలకు నమస్కారం.

ఓ చిన్న లెక్కతో మొదలుపెడదాం. లెగో ఇటుక మీరు చూసే ఉంటారు. వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసల బొడిపెలున్న ప్లాస్టిక్ ముక్క. ఒకే రంగువి అలాంటివి ఆరు ఇస్తే, వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చంటారు? వందా? వెయ్యా? కంపెనీవాళ్లు చాలాకాలం 10 కోట్ల పైచిలుకు అని చెబుతూ వచ్చారు. తీరా చూస్తే అది ఒకదాని మీద ఒకటి ఆరంతస్తులుగా పేర్చినప్పటి లెక్క మాత్రమే. ఒకే అంతస్తులో రెండు మూడు ఇటుకలు ఉండే కూర్పులను కూడా కలుపుకుని, డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్ సాయంతో తేల్చిన సంఖ్య 91 కోట్ల 51 లక్షల 3 వేల 765. ఆరు ముక్కలకే ఇంత! నా దగ్గర ఆరు కంటే కాస్త ఎక్కువే ఉన్నాయి లెండి.

"ఈ వయసులో బొమ్మలతో ఆటలేంటి?" అని అడిగేవాళ్లు ఉంటారు. పిల్లలు కారు కట్టేది దాన్ని నేలమీద పరిగెత్తించడానికి. నా కారు ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. ముందు అద్దానికి ఆ వాలు ఎలా తెప్పించాలి, అన్నీ చదరపు ముక్కలే ఉన్నప్పుడు గుండ్రటి మడ్‌గార్డ్ ఎలా చేయాలి, అదే నా ఆట. బంకమట్టి ఇస్తే ఏ ఆకారమైనా చేసేయొచ్చు, అందుకే నాకు అందులో అంత మజా లేదు. ఇక్కడ ప్రతి ముక్కకూ ఓ కొలత, ఓ పరిమితి ఉన్నాయి. వాటికి లోబడి అనుకున్నది సాధించాలి.

ఆ కొలతల సంగతి కొంచెం చెప్పాలి. ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ప్లేట్ అని పలచటి ముక్క ఒకటుంటుంది, దాని ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు ఒక ఇటుకతో సమానం. ఇంతవరకూ బాక్సు తెరిచిన ప్రతి పిల్లాడికీ తెలుస్తుంది. అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఐదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఎత్తు సరిగ్గా 16 మిల్లీమీటర్లు, అంటే రెండు బొడిపెల వెడల్పు. ఈ ఒక్క సంగతి తెలిశాక, కట్టడం పైకే పోవాలన్న నియమం పోతుంది. పక్కకు బొడిపె ఉన్న ప్రత్యేకమైన ఇటుకలు దొరుకుతాయి. వాటికి ప్లేట్లను అడ్డంగా తగిలించి, గోడలో సందు లేకుండా ఇరికించొచ్చు. కిటికీ చుట్టూ సన్నటి గీతలు, పేరు పలకల మీద అక్షరాలు, ఓడ పక్కన రంగు చారలు, అన్నీ ఇలాగే వస్తాయి. మొదటిసారి ఆ ఐదు ప్లేట్లు రెండు బొడిపెల సందులో టక్కున కూర్చున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంట్లోవాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

ఈ టక్కున కూర్చోవడం కూడా ఊరికే రాలేదు. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో లెగో కంపెనీ స్థాపకుడు, ఓలే కిర్క్ క్రిస్టియన్‌సన్ అనే వడ్రంగి, 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1949లో, బ్రిటన్‌లో హిలరీ ఫిషర్ పేజ్ తయారుచేసిన ఇటుకల ఆధారంగా, ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చారు. అవి లోపల డొల్ల, పట్టు తక్కువ. 1958 జనవరి 28న ఓలే కొడుకు గాట్‌ఫ్రెడ్ ఓ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఇటుక లోపల గొట్టాలు పెట్టడం అందులో ప్రధానమైన ఆలోచన. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గోడలకూ గొట్టాలకూ మధ్య బిగుసుకుంటాయి. పట్టు ఉండాలి, పిల్లల చేతితో ఊడాలి కూడా. అచ్చులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఈ రెంటిలో ఒకటి పోతుంది. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడుతున్నారు. 1958 నాటి ఇటుక మీకు ఎక్కడైనా దొరికితే, నిన్న కొన్న సెట్టుకు తగిలించి చూడండి. అతుక్కుంటుంది.

ఇక పోగుచేయడం సంగతి. ముక్కలు పెరిగాక అందరికీ ఎదురయ్యే తలనొప్పి, వాటిని ఎలా సర్దాలి? అందరూ మొదట రంగు ప్రకారం సర్దుతారు. చూడ్డానికి డబ్బాలు ఎంత బాగుంటాయో! కానీ నల్ల ముక్కల డబ్బాలో ఓ చిన్న నల్ల కీలు కోసం వెతికి చూడండి, కళ్లు పోతాయి. అదే ఆకారం ప్రకారం సర్దితే, కీళ్ల డబ్బాలో నల్లది ఇట్టే కనబడుతుంది. కంటికి రంగు తేడా పట్టినంత సులభంగా ఆకారం తేడా పట్టదు. ఈ సర్దుడే ఒక పూట పని, నాకు మాత్రం విశ్రాంతి. ఫోన్ పక్కన పడేసి, ఆఫీసు టెన్షన్ మర్చిపోయి, రెండు గంటలు ప్లేట్లు వేరుచేస్తూ కూర్చోగలను.

పోగుచేసేవాళ్లలో ఇంకో తెగ ఉంది. పెట్టె సీలు విప్పరు. కొంతకాలానికి కంపెనీ ఆ సెట్ ఆపేస్తుంది, ధర పెరుగుతుంది, అప్పుడు అమ్ముకుంటారు. తప్పని అనను. నాకు మాత్రం అది అట్టపెట్టెల వ్యాపారంలా కనిపిస్తుంది. ముక్కల సంఖ్య చూసి కొనడం కూడా నాకు నచ్చదు. 2021లో వచ్చిన ప్రపంచపటం సెట్‌లో 11,695 ముక్కలున్నాయి. అందులో చాలావరకు చిన్న గుండ్రటి చుక్కలే. ఓపికకు పరీక్ష తప్ప, కట్టడంలో కొత్తగా నేర్చుకునేదేముంది? అదే ఏడాది వచ్చిన బోన్సాయ్ చెట్టు చిన్నది. కానీ దాని పూలను దగ్గరగా చూస్తే, అవి గులాబీ రంగు కప్పలు! కప్ప ముక్కనే పూవుగా వాడారు. ఆ చెట్టు కట్టాక నా డబ్బాల్లోని ప్రతి ముక్కనూ ఇది ఇంకేమవుతుందా అని చూడటం మొదలుపెట్టాను.

పాతవి కొనేవాళ్లకు ఒకటి రెండు మాటలు. తెలుపు, లేత బూడిద రంగు ముక్కలు ఎండ తగిలితే పసుపెక్కుతాయి, కిటికీ పక్కన పెట్టకండి. బూడిద రంగులో మరో చిక్కు. 2004 ప్రాంతంలో కంపెనీ ఆ రంగును కాస్త నీలం ఛాయకు మార్చింది. పాతదీ కొత్తదీ కలిపి గోడ కడితే అతుకులు వేసినట్టు కనిపిస్తుంది. అప్పట్లో పెద్దవాళ్లైన అభిమానులు దీని మీద పెద్ద గొడవే చేశారు. ఊడదీసేటప్పుడు పళ్లు వాడొద్దు, గాట్లు పడతాయి. అందుకోసమే చేసిన చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఉంది, పెద్ద సెట్లలో చాలావాటితో పాటే వస్తుంది.

ప్రస్తుతం నా బల్ల మీద సగం కట్టిన లైట్‌హౌస్ ఉంది. ఎనిమిది ముఖాలు, పైకి వెళ్లేకొద్దీ సన్నబడాలి. ఏటవాలు అంచున్న ప్లేట్లతో ఒక్కో ముఖం విడిగా చేశాను, బాగానే వచ్చాయి. కలిపేసరికి మూలల్లో సందులు కనబడుతున్నాయి. కీళ్లను ఒక ప్లేటు మందం లోపలికి జరిపితే సరిపోతుందేమో. ఈ సాయంత్రం అది చూడాలి. ఉంటాను, నమస్కారం.