నాలుగో ఎంజైము మాటేమిటి?

అధ్యక్షులకు, పెద్దలకు, వెనక వరుసల్లో నోటు పుస్తకాలతో కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. ఉపచారాలు ఇంతటితో చాలు.

హెచ్‌ఐవి ఎంజైములు చేసే పనులు నాలుగు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ అల్లుతుంది. ఇంటిగ్రేజ్ దాన్ని మన కణం డీఎన్‌ఏలో అతికిస్తుంది. ప్రోటియేజ్ పొడవాటి ప్రోటీన్ గొలుసును కోసి వైరస్‌ను పక్వం చేస్తుంది. వీటికి మందులొచ్చాయి: 1987లో జిడోవుడిన్, 1995లో సాక్వినవిర్, 2007లో రాల్టెగ్రవిర్.

నాలుగోది ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌లోనే ఒక కొసన ఉంటుంది. డీఎన్‌ఏ అల్లిక సాగుతుంటే, పనైపోయిన ఆర్‌ఎన్‌ఏను వెనకనుంచి కోసుకుంటూ వస్తుంది. కోయకపోతే రెండో పోగు అల్లడానికి దారి ఉండదు. దీన్ని పాడుచేసిన వైరస్‌కు సోకే శక్తి పోతుంది. ఇంత ముఖ్యమైన ఎంజైముకు నేటికీ ఒక్క ఆమోదిత మందు లేదు. ఈ మాట చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను.

మందులున్నాయి కదా, ఇంకెందుకు అంటారు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌కు తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు. అందుకే వైరస్ మారిపోతూ ఉంటుంది. ఆ ఎంజైము గొలుసులో 184వ స్థానంలో మెథియోనిన్ పోయి వాలీన్ వస్తే చాలు, లామివుడిన్ అనే మందుకు వైరస్ గట్టిగా ఎదురు నిలుస్తుంది. ఒక్క అమైనో ఆమ్లం!

మరి చిక్కెక్కడ? ఇంటిగ్రేజ్‌తో పోల్చి చూడండి. ఎంజైము పని జరిగే గుంటలో అక్కడా రెండు మెగ్నీషియం అయాన్లే, ఇక్కడా రెండే. కానీ రాల్టెగ్రవిర్ ఆ అయాన్లను పట్టుకోవడంతో ఆగదు, పక్కనున్న వైరస్ డీఎన్‌ఏ కొసనూ ఆనుకుని కూర్చుంటుంది. ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ గుంట లోతులేనిది, బయటికి తెరుచుకుని ఉంటుంది. లోహం తప్ప మందుకు పట్టు దొరకదు. పైగా పొడవాటి ఆర్‌ఎన్‌ఏ-డీఎన్‌ఏ జంట ఎంజైమును ఎన్నో చోట్ల పట్టుకుని ఉంటుంది, చిన్న అణువు దాన్ని నెట్టలేదు. మన కణాల్లోనూ ఇదే కుటుంబపు ఎంజైము ఉంది, దాన్ని ముట్టుకోకూడదు.

విద్యార్థులూ, ఇది రాసుకోండి. ఒక పదార్థం ఈ ఎంజైమును ఆపుతోందో లేదో చూసే పరీక్ష తేలికే: 18 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ పోగు 3-ప్రైమ్ కొసకు వెలిగే రంగు ఫ్లోరెసీన్, జత డీఎన్‌ఏ 5-ప్రైమ్ కొసకు వెలుగును మింగే డాబ్‌సిల్. ఎంజైము కోస్తే చిన్న ముక్క ఊడి వెలుగుతుంది. వెలగకపోతే మందు దొరికిందని సంబరపడకండి! రంగున్న పదార్థం ఆ వెలుగును తానే మింగేయవచ్చు, కాబట్టి ముందే కోసి ఉంచిన పోగులో దాన్ని కలిపి చూడండి. నీళ్ళలో గుంపుకట్టే పదార్థాలు ఎంజైమును తమకు అంటించుకుంటాయి, అందుకే సబ్బులాంటి ట్రైటాన్ ఎక్స్-100ను 0.01 శాతం వేసి మళ్ళీ కొలవండి. మనిషి ఎంజైముతోనూ అదే పరీక్ష చేయండి.

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. దయచేసి ఆగకండి! లోహాన్ని పట్టే అణువు గొట్టంలో ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్‌ను ఆపి, కణంలో ఇంటిగ్రేజ్‌ను ఆపుతూ ఉండవచ్చు. వైరస్ కణంలో చేరాక గంట గంటకూ వేర్వేరు గిన్నెల్లో మందు కలపండి. డీఎన్‌ఏ అల్లిక ముగిశాక కలిపినా పనిచేస్తోందంటే అది తగులుతున్నది వేరే చోట. తర్వాత మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ వైరస్‌ను పెంచి, మందుకు లొంగని వైరస్ పుట్టాక దాని జన్యువులు చదవండి. మార్పు ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్‌లో కాక ఇంటిగ్రేజ్‌లో కనబడితే, ఇన్నాళ్ళూ మీ మందును తప్పు పేరుతో పిలిచారన్నమాట.