ఈథర్నెట్‌లో మితిమీరిన కొలిజన్లు: తీగకు రెండు చివరల సాక్ష్యం

సభకు నమస్కారం.

కొన్నేళ్ల క్రితం ఒక చక్కెర కర్మాగారం వారు పిలిస్తే వెళ్లాను. చెరకు బండ్లు తూచే కాటా గదిలోని కంప్యూటరు నుంచి ఆ రోజు తూకాల ఫైలు ఆఫీసు సర్వరుకు చేరడానికి అరగంట దాటుతోందన్నది వారి ఫిర్యాదు. కాటా ఆపరేటరు తన యంత్రంలో కొలిజన్ల లెక్క, అంటే తీగ మీద సంకేతాలు ఢీకొన్న లెక్క, వేలల్లో ఉందని చూపించాడు. యంత్రాల తీగలన్నిటినీ కలిపే స్విచ్‌ను చూసుకునే ఉద్యోగి మాత్రం తన పోర్టులో ఒక్క కొలిజన్ కూడా లేదని, ఉన్నవన్నీ అందిన డేటా పాడైందని తెలిపే సీఆర్‌సీ ఎరర్లేనని, అందువల్ల తప్పు కేబుల్‌దేనని వాదించాడు. ఆ వాదనను నమ్మి అప్పటికే రెండుసార్లు కేబుల్ మార్చారు. అవతలి యంత్రం పలుకుతుందో లేదో చిన్న ప్రశ్న పంపి చూసే పింగ్ చేస్తే ఒక్క ప్యాకెట్టూ తప్పిపోవడం లేదు. ఇద్దరూ తమకు కనిపించింది కనిపించినట్టే చెప్పారు, ఇద్దరి మాటా నిజమే. ఒకే తీగకు రెండు చివరల్లో ఈ రెండు వేరువేరు నిజాలు ఎలా పుడతాయో వివరించడమే ఈరోజు నా పని.

ముందుగా కొలిజన్ అనే మాటకున్న చెడ్డపేరును కొంత తుడవాలి. 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ యంత్రాలను తీగతో కలిపే ఈథర్నెట్‌ను రూపొందించడానికి పూనుకున్నప్పుడు, హవాయి విశ్వవిద్యాలయంలో నడుస్తున్న అలోహా అనే రేడియో నెట్‌వర్క్ వారికి ప్రేరణ అయింది. అలోహాలో ఎవరికి తోచినప్పుడు వారు పంపేవారు, జవాబు రాకపోతే మళ్లీ పంపేవారు. ఈథర్నెట్ దానికి రెండు మర్యాదలు చేర్చింది: పంపే ముందు తీగ మీద ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినడం, పంపుతూ ఉండగా కూడా వింటూనే ఉండి, మరొకరి గొంతు కలిసిందని తెలియగానే ఆగిపోవడం. ఈ రెండో మర్యాద పనిచేసిందనడానికి గుర్తే కొలిజన్. ఒకే తీగను పదిమంది పంచుకునే చోట అది రోగం కాదు, వంతులు తేల్చుకునే పద్ధతి.

ఆ పద్ధతికి ఒక ఖచ్చితమైన కాలపరిమితి ఉంది, మన రోగనిర్ణయం మొత్తం దాని మీదే నిలబడుతుంది. 10 మెగాబిట్ ఈథర్నెట్‌లో 512 బిట్లు పంపడానికి 51.2 మైక్రోసెకన్లు పడుతుంది. నియమాల ప్రకారం కట్టిన నెట్‌వర్క్‌లో, ఒక మూల మొదలైన సంకేతం మరో మూలకు చేరి, అక్కడ ఎవరితోనైనా ఢీకొంటే ఆ వార్త తిరిగి మొదటి మూలకు రావడానికి ఇంతకు మించి పట్టకూడదు. అతి చిన్న ఫ్రేము (తీగ మీద ఒక్కసారిగా పంపే డేటా మూట) 64 బైట్లకు తగ్గకూడదన్న నియమం ఇందుకే వచ్చింది, 64 బైట్లంటే సరిగ్గా 512 బిట్లు. మొదటి 64 బైట్లలోపు ఢీకొంటే అది మామూలు కొలిజన్. ఆ గీత దాటాక తీగ మొత్తం నాదేనని ప్రతి యంత్రమూ నమ్ముతుంది. అందువల్ల గీత దాటిన తర్వాత వచ్చే లేట్ కొలిజన్ సరిగ్గా కట్టిన నెట్‌వర్క్‌లో పుట్టడానికి వీల్లేదు. అది ఒక్కటి కనిపించినా ఎక్కడో నియమం తప్పిందనే అర్థం.

ఢీకొన్న యంత్రం వెంటనే మళ్లీ పంపదు. మొదటిసారి ఢీకొంటే 0, 1 అనే రెండు సంఖ్యల్లో ఒకటి, రెండోసారికి 0 నుంచి 3 లోపు ఒకటి, ఇలా ప్రతిసారీ పరిధిని రెట్టింపు చేసుకుంటూ, పదోసారికి 0 నుంచి 1023 వరకు ఉన్న సంఖ్యల్లో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకొని, అన్ని 51.2 మైక్రోసెకన్ల విరామాలు వేచి ఉంటుంది. వరుసగా 16 ప్రయత్నాలు విఫలమైతే ఆ ఫ్రేమును వదిలేస్తుంది. కౌంటర్లలో ఎక్సెసివ్ కొలిజన్స్ అని కనిపించేది ఈ వదిలేసిన ఫ్రేముల లెక్క, మొత్తం కొలిజన్ల లెక్క కాదు. ఈ రెండు గడులనూ ఒకటిగా చదివి కంగారుపడేవారిని చాలామందిని చూశాను. మొత్తం కొలిజన్లు లక్షల్లో ఉన్నా, పంపిన ఫ్రేములు కోట్లలో ఉంటే, యంత్రాలన్నీ ఒకే తీగను పంచుకున్నట్టు కలిపే హబ్ మీద నడిచే నెట్‌వర్క్‌కు అది ఆరోగ్యమే కావచ్చు. ఎక్సెసివ్ గడిలో పది కనిపించినా మాత్రం పది ఫ్రేములు నిజంగా పోయాయి. వాటిని తిరిగి పంపే భారం పైనుండి డేటా సరిగా చేరేలా చూసే టీసీపీ అనే ప్రోటోకాల్ మీద పడింది, ఆ టీసీపీ ఎదురుచూపులు మైక్రోసెకన్లలో ఉండవు.

రద్దీ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు సాగుతాను. ఈథర్నెట్ 37 శాతం దాటితే కుప్పకూలుతుందని పాతకాలం శిక్షణ తరగతుల్లో చెప్పేవారు. అతి చిన్న ప్యాకెట్లను లెక్కకు మించిన యంత్రాలు పంపుతున్నాయని ఊహించి వేసిన గణితం నుంచి ఆ అంకె వచ్చింది. 1988లో డేవిడ్ బాగ్స్, జెఫ్రీ మోగుల్, క్రిస్టఫర్ కెంట్ నిజమైన ఈథర్నెట్‌ను కొలిచి, పెద్ద ప్యాకెట్లతో అది అంతకన్నా ఎంతో ఎక్కువ భారం మోస్తుందని చూపించారు. అయినా కొలిజన్లు కనిపించగానే రద్దీని నిందించే అలవాటు నేటికీ పోలేదు.

ఇప్పుడు కాటా గదికి వద్దాం. స్విచ్‌కు ఒక్కో పోర్టులో ఒక్కో యంత్రమే ఉంటుంది కనుక, పంపే జతా అందుకునే జతా వేరుగా ఉన్న ట్విస్టెడ్ పెయిర్ (మెలిపెట్టిన జతల) కేబుల్‌లో రెండు వైపులా ఒకేసారి మాట్లాడుకోవచ్చు. 1997లో ప్రమాణంలోకి వచ్చిన ఫుల్ డూప్లెక్స్ ఇదే. అందులో కొలిజన్ అన్న మాటే లేదు, వినడం, ఆగడం, తిరిగి పంపడం అన్నీ రద్దు. చిక్కంతా ఒక చివర ఫుల్ డూప్లెక్స్‌లో, మరో చివర హాఫ్ డూప్లెక్స్‌లో (ఒకసారికి ఒక వైపే మాట్లాడే పాత పద్ధతిలో) ఉన్నప్పుడు వస్తుంది. హాఫ్ వైపు యంత్రం తాను పంపుతుండగా ఎదురు నుంచి సంకేతం వస్తే దాన్ని కొలిజన్‌గా లెక్కించి, తన ఫ్రేమును మధ్యలోనే తుంచేస్తుంది. ఫుల్ వైపు యంత్రానికి ఆ సంగతే తెలియదు, దానికి అందేది తుంచిన ముక్క మాత్రమే. ఆ ముక్కను అది రంట్ (మరీ పొట్టి ఫ్రేము) అనో సీఆర్‌సీ ఎరర్ అనో రాసుకుంటుంది. అదే సమయంలో తాను పంపిన ఫ్రేము కూడా అవతల పాడైందని దానికి తెలియదు కనుక తిరిగి పంపదు. ఒకే ప్రమాదాన్ని ఒకరు కొలిజన్ అని, మరొకరు కేబుల్ తప్పు అని రాసుకోవడం ఇలా జరుగుతుంది.

పింగ్ ఎందుకు మోసం చేసిందో కూడా ఇక్కడే తేలుతుంది. పింగ్‌లో ఒక ప్రశ్న వెళుతుంది, అది చేరాక జవాబు బయల్దేరుతుంది, రెండూ ఒకే క్షణంలో తీగ మీద ఉండవు. ఫైలు పంపేటప్పుడు అలా కాదు. ఒకవైపు నుంచి 1518 బైట్ల ఫ్రేములు వరుసగా పోతుంటే, ఎదురు వైపు నుంచి అందిందన్న రసీదులు వాటి మధ్యలోకి వచ్చి పడుతుంటాయి. 1518లో మొదటి 64 బైట్లు సుమారు 4 శాతమే. కాబట్టి ఎదురు రసీదు ఎప్పుడు వచ్చి తగిలినా, ఆ తగలడం గీత దాటిన తర్వాతే జరిగే అవకాశం చాలా ఎక్కువ. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు సీఆర్‌సీ ఎరర్లు కలిసి కనిపిస్తే, నా లెక్కలో కేబుల్ చేతిలోకి తీసుకోక ముందే డూప్లెక్స్ చూడాలి.

ఈ తేడా ఎలా వస్తుందంటే, ఎక్కువగా మంచి ఉద్దేశంతోనే వస్తుంది. ఆటో నెగోషియేషన్‌లో రెండు చివరలూ తమ శక్తిసామర్థ్యాలను చిన్న పల్సులతో చెప్పుకొని ఒప్పందానికి వస్తాయి. ఎవరో ఒకరు ఎందుకొచ్చిన గొడవ అని ఒక చివరను 100 మెగాబిట్లు, ఫుల్ అని స్థిరపరిస్తే, చాలా పరికరాల్లో ఆ చివర పల్సులు పంపడం మానేస్తుంది. ఆటోలో ఉన్న రెండో చివర సంకేతాన్ని బట్టి వేగం 100 అని గుర్తుపట్టగలదు గానీ డూప్లెక్స్ గుర్తుపట్టలేదు. ప్రమాణం ప్రకారం అది హాఫ్‌ను ఎంచుకోక తప్పదు. స్థిరపరిస్తే రెండు చివరలా స్థిరపరచాలి, లేదంటే రెండింటినీ ఆటోకే వదలాలి. నా మొగ్గు ఆటో వైపే. 1990లలో వేర్వేరు తయారీదారుల నెట్‌వర్క్ కార్డులకు పొత్తు కుదరక స్థిరపరచడం అలవాటైంది, ఆ కార్డులు చెత్తకుప్పకు వెళ్లాక కూడా అలవాటు మాత్రం ఉండిపోయింది. గిగాబిట్ రాగి తీగలో ఆటో నెగోషియేషన్ తప్పనిసరి చేయడం వల్ల ఈ సమస్య చాలావరకు తగ్గింది. 10 గిగాబిట్ ప్రమాణంలో అయితే హాఫ్ డూప్లెక్సే లేదు.

డూప్లెక్స్ రెండు చివరలా సరిపోయాక కూడా కొలిజన్లు మితిమీరితే అప్పుడు కేబుల్ వైపు చూడాలి. ట్విస్టెడ్ పెయిర్ మీద హాఫ్ డూప్లెక్స్ యంత్రం, తాను పంపుతున్న సమయంలో అందుకునే జత మీద ఏ సంకేతం కనిపించినా దాన్ని కొలిజన్ అనే అనుకుంటుంది. ఆ సంకేతం అవతలి యంత్రం నుంచే రావాలని లేదు. కేబుల్ చివర ప్లగ్గు బిగించే క్రింపింగ్ చేసేటప్పుడు జతలను 1-2, 3-4, 5-6, 7-8 అని వరుసగా పేర్చడం చూడ్డానికి ఎంత చక్కగా ఉన్నా తప్పే, ఎందుకంటే సంకేతానికి జత కావలసినవి 3, 6 పిన్నులు. పక్కపక్కన పేర్చినప్పుడు ఆ రెండు తీగలూ వేర్వేరు మెలికల నుంచి వస్తాయి, మెలిక ఇచ్చే రక్షణ పోతుంది, పంపుతున్న సంకేతం అందుకునే జతలోకి ఊరుతుంది. అప్పుడు యంత్రం తన గొంతు విని తానే ఆగిపోతుంది. బజారులో దొరికే చౌక టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతాయి, ఎందుకంటే అది తీగ తెగలేదని చెబుతుందే తప్ప ఏ తీగ ఏ తీగతో మెలిపడిందో చెప్పదు. ఇలాంటి చోట జతల మధ్య ఊట కొలిచే టెస్టర్ అయినా ఉండాలి, లేదా ఆర్‌జే 45 ప్లగ్గును వెలుతురులో పట్టుకొని రంగులు చదివే ఓపిక అయినా ఉండాలి.

హబ్‌లు ఇంకా మిగిలిన చోట్ల రెండు విషయాలు. ఒకటి దూరం: 10 మెగాబిట్లలో ఏ రెండు యంత్రాల మధ్యనైనా నాలుగు హబ్‌లకు మించితే ఆ 51.2 మైక్రోసెకన్ల లెక్క తప్పి లేట్ కొలిజన్లు మొదలవుతాయి. 100 మెగాబిట్లలో కాలపరిమితి పదో వంతుకు తగ్గుతుంది కనుక రెండు హబ్‌లే గగనం. రెండోది చెడిపోయి ఆగకుండా వాగే కార్డు. దాన్ని పట్టుకోవడానికి హబ్ పోర్టులను సగం సగం విడదీస్తూ, ఏ సగంలో లెక్క పెరుగుతోందో చూడటమే దగ్గరి దారి. పాత కోయాక్సియల్ తీగ రోజుల్లో తీగ చివర బిగించే 50 ఓమ్‌ల టెర్మినేటర్‌ను తీగ మధ్యకు జరుపుతూ సరిగ్గా ఇదే పని చేసేవాళ్లం.

ఇదంతా పాత కథ అనుకునేవారికి ఒక కబురు. 2019లో వచ్చిన 10బేస్-టీ1ఎస్ అనే ప్రమాణం ఒకే జత తీగ మీద అనేక పరికరాలను హాఫ్ డూప్లెక్స్‌లో కలుపుతుంది. కార్లలోని చిన్న సెన్సర్ల కోసం దాన్ని వాడుతున్నారు. అందులో పరికరాలకు వంతులు ఇచ్చి కొలిజన్‌ను తప్పించే ఏర్పాటు కూడా ఉంది, కానీ ఆ ఏర్పాటును ఒక పరికరంలో ఆన్ చేయడం మరిచిపోతే ఏ లక్షణాలు కనిపిస్తాయో మీరే ఊహించగలరు.

కాటా గదిలోని కార్డు 10 మెగాబిట్ల హాఫ్ డూప్లెక్స్ తప్ప మరొకటి తెలియని పాతది. కొత్త స్విచ్ బిగించిన రోజున ఫుల్ అయితే వేగం పెరుగుతుందని ఎవరో ఆ పోర్టును ఫుల్‌కు స్థిరపరిచారు. దాన్ని ఆటోకు మార్చగానే పోర్టు తనంతట తానే హాఫ్‌కు దిగింది, ఫైలు నిమిషంలోపే చేరింది. కౌంటర్లన్నీ సున్నా చేసి, వారం తర్వాత మళ్లీ వెళ్లి రెండు చివరలా చదివాను. ఈసారి స్విచ్ వైపు కూడా కొలిజన్లు వందల్లో ఉన్నాయి. వాటిని చూసి స్విచ్ ఉద్యోగి కలవరపడ్డాడు. లేట్ కొలిజన్ల గడిలోనూ, సీఆర్‌సీ గడిలోనూ, ఎక్సెసివ్ గడిలోనూ ఉన్న సున్నాలను అతనికి చూపించి వచ్చేశాను.