తాగుడు ముందా, మూడ్ ముందా?

అందరికీ నమస్కారం. బైపోలార్ (మూడ్ కొన్నాళ్లు మరీ పైకి, కొన్నాళ్లు మరీ కిందికి పోయే జబ్బు) ఉన్నవాళ్లను చూడబోయే జూనియర్ డాక్టర్లకు, కౌన్సెలర్లకు నేను చెప్పేది ఒకటే. "తాగుతారా?" అని అడిగి, "అప్పుడప్పుడు సార్" అన్న జవాబు రాసుకుని కేసు షీటు పక్కన పెట్టేయకండి. ఏది, ఎంత, ఏ మూడ్‌లో ఉన్నప్పుడు అన్నది తేల్చుకోండి.

1990లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ సర్వేలో, బైపోలార్ ఉన్నవాళ్లలో 56 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యంతోనో డ్రగ్స్‌తోనో సమస్య ఉన్నట్టు తేలింది. మన ఓపీకి ఆ లెక్క అచ్చంగా సరిపోతుందని కాదు. అయినా అడగకపోవడానికి సాకేమీ లేదు.

కల్లు సంగతి విడిగా అడగండి. రోజూ కల్లు కాంపౌండుకు వెళ్లే మనిషి కూడా "మందు అలవాటు లేదు సార్" అంటాడు. అబద్ధమాడుతున్నట్టు కాదు, అతని లెక్కలో కల్లు మందులోకి రాదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు దొరికిన సందర్భాలున్నాయి. అది ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. దీన్ని చూసి మానియా (బైపోలార్‌లో మూడ్ మరీ పైకెక్కిన దశ) అని పొరబడటం తేలిక. మానియాలో మనిషి రెండు గంటలు పడుకుని హుషారుగా లేస్తాడు. ఇక్కడ నిద్ర కావాలని అల్లాడుతాడు, పట్టదు. ఏ ఊళ్లో ఉన్నాడో, ఏ వారమో కూడా తడబడతాడు.

ఇక కాగితం మీద ఒక గీత గీయండి. పైన మూడ్ ఎపిసోడ్లు, అంటే మానియా, డిప్రెషన్ వచ్చిన కాలాలు; కింద తాగిన కాలాలు. పెళ్లి, పరీక్షలు, సంక్రాంతి లాంటివి గుర్తులుగా పెట్టుకుంటే తేదీలు అవే బయటపడతాయి. తాగడం మొదలవకముందే ఎపిసోడ్ వచ్చిందా? నెలల తరబడి మానేసినప్పుడూ వచ్చిందా? వస్తే నెపం మొత్తం మద్యం మీద వేయలేం. డిప్రెషన్‌లో ఉన్నవాడు తన తప్పును పెద్దది చేసి చెబుతాడు, మానియాలో ఉన్నవాడు కొట్టిపారేస్తాడు. కాబట్టి కుదుటపడ్డాక మళ్లీ అడగాలి. అతను ఒప్పుకుంటే ఇంట్లోవాళ్లనూ అడగాలి.

యూరిన్ టెస్టును మరీ నమ్ముకోకండి. రోజూ గంజాయి తాగినవాళ్లకు మానేసిన కొన్ని వారాలకు కూడా పాజిటివ్ రావచ్చు. ఇవాళ్టి ఉద్రేకం గంజాయి వల్లేనని దాంతో తేలదు.

సిగరెట్టు, కాఫీ కూడా రాసుకోండి. వార్డులో చేరి సిగరెట్లు మానేసినవాళ్లకు రక్తంలో ఒలాంజపిన్ (మానియాకు ఇచ్చే మందు) పెరుగుతుంది. కాఫీ ఒక్కసారిగా తగ్గిస్తే లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) పెరుగుతుంది. మత్తుగా ఉందనో చేతులు వణుకుతున్నాయనో చెబితే, కొత్త మాత్ర రాసేముందు ఈ రెండూ అడిగి, లిథియం వాడుతుంటే రక్తంలో దాని లెవెల్ చూడండి.