టాహో సరస్సుకి వచ్చే ముందు

అందరికీ నమస్కారం.

నేనుండేది సౌత్ లేక్ టాహోలో, అంటే కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉన్న టాహో సరస్సు దక్షిణపు ఒడ్డు ఊళ్లో. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మా ఊళ్లో గ్యాస్ బంకు దగ్గరా, సేఫ్‌వే సరుకుల షాపు క్యూలోనూ తెలుగు వినబడుతుంది. ఫ్రీమాంట్, శాన్ హోసే, శాక్రమెంటో నుంచి వచ్చిన మనవాళ్లే. శుక్రవారం రాత్రికి చేరతారు, శనివారం మంచులో ఫోటోలు దిగుతారు, ఆదివారం మధ్యాహ్నం అందరూ ఒకేసారి బయల్దేరి హైవే 50 మీద ఇరుక్కుంటారు. ఈ హడావిడిలో సరస్సుని సరిగ్గా చూసేవాళ్లు తక్కువ. అందుకని ఇవాళ ఎక్కువసేపు ఆ నీళ్ల గురించే మాట్లాడతాను.

సరస్సు పొడవు 22 మైళ్లు, వెడల్పు 12 మైళ్లు, లోతు 1,645 అడుగులు. అమెరికాలో ఇంతకంటే లోతైన సరస్సు ఒరెగన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. ఇంత నీరు వేసవంతా వేడి దాచుకుని, చలికాలమంతా మెల్లగా వదులుతుంది. పైగా గాలికి పైనీరూ కిందినీరూ కలుస్తుంటాయి. ఒడ్డున నిలువెత్తు మంచు పడ్డా సరస్సు గడ్డకట్టకపోవడానికి కారణం అదే. జనవరిలో లేక్ మీద నడవొచ్చా అని అడుగుతుంటారు. నడవలేరు.

ఆ నీలం రంగుకీ ఒక లెక్క ఉంది. సరస్సు వైశాల్యం 191 చదరపు మైళ్లు. దీనిలోకి నీరు పారే చుట్టుపక్కల నేల 314 చదరపు మైళ్లే. అంటే వానా మంచూ దాదాపు ఐదింట రెండు వంతులు నేరుగా సరస్సులోనే పడతాయి. మిగతాది గ్రానైట్ కొండల మీదుగా వస్తుంది కాబట్టి మట్టి తక్కువ. నీళ్లు అంత తేటగా ఉంటే ఎండలోని ఎరుపుని మింగేసి నీలాన్ని వెనక్కి పంపుతాయి. 1968 నుంచి యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్లు తెల్లటి పళ్లెం ఒకటి తాడుకి కట్టి దించి, ఎంత లోతు దాకా కనిపిస్తుందో కొలుస్తున్నారు. మొదటి ఏడాది సగటున 102 అడుగులు కనిపించింది. ఈమధ్య 60, 70 అడుగుల మధ్య ఉంటోంది. రోడ్ల మీద టైర్ల కింద నలిగిన సన్నటి దుమ్ము నీళ్లలోకి కొట్టుకొచ్చి తేలుతూ ఉండిపోవడం ఇందుకు ఒక పెద్ద కారణం. అన్నట్టు, మా ఊరి మురుగునీటిని శుద్ధి చేశాక కూడా సరస్సులో వదలరు. పంపులతో కొండ దాటించి పక్క కౌంటీకి పంపుతారు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం పిల్లలున్నవాళ్లు జాగ్రత్తగా వినండి. అమెరికాలో చెరువుల్లో, సరస్సుల్లో మన కుర్రాళ్లు మునిగిపోయారన్న వార్త వేసవిలో తరచూ చదువుతుంటాం. టాహోలో ప్రమాదం లోతు ఒక్కటే కాదు, చలి కూడా. మే, జూన్ నెలల్లో ఎండ చురుక్కుమంటున్నా నీటి ఉష్ణోగ్రత 50ల ఫారెన్‌హీట్‌లోనే ఉంటుంది. ఆగస్టులో కూడా 70 దాటడం అరుదు. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి లోపలికి తీసుకుంటాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే అంతే సంగతులు. అది తట్టుకున్నా కాసేపటికే చేతులూ కాళ్లూ మొద్దుబారతాయి. ఈత బాగా వచ్చినవాళ్లకీ ఇదే జరుగుతుంది. "నేను గోదావరి ఈదినవాణ్ణి" అని ఒకాయన అన్నాడు. మహానుభావుడే, కానీ గోదావరి నీళ్లు వేరు.

పాడిల్‌బోర్డ్ (నిలబడి తెడ్డు వేసే పలక), కయాక్ (చిన్న తెడ్డు పడవ) తీసుకుంటే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బోర్డుకి కట్టిపెట్టుకుంటే లాభం లేదు. పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం అయ్యేసరికి నైరుతి గాలి లేస్తుంది, బోర్డుని ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోతుంది. పడమటి ఒడ్డున మరో చిత్రం ఉంది. గాలి గట్టిగా వీచిన మర్నాడు పైన ఉన్న వెచ్చటి నీరు అవతలికి పోయి, అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. నిన్న హాయిగా ఈదిన చోటే ఇవాళ కాలు పెట్టలేరు.

వంట సంగతి. మా ఊరు 6,200 అడుగుల పైన ఉంది, తిరుమలకి దాదాపు రెట్టింపు ఎత్తు. నీళ్లు 94 డిగ్రీల సెల్సియస్‌లోపే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు పెట్టి గంటసేపు చూసినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తెచ్చుకోండి. వాటర్ బాటిళ్ల కేసులు మాత్రం మోసుకురాకండి, మా కుళాయి నీళ్లు చాలా బాగుంటాయి. గ్యాలన్ కంటే చిన్న ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్ల అమ్మకాన్ని 2024 నుంచి ఊళ్లో నిషేధించారు కూడా.

తిండి కార్లో వదిలేయకండి. బిర్యానీ వాసన మనకంటే ముందు ఎలుగుబంటికి తెలుస్తుంది. అవి కారు తలుపు హ్యాండిల్ లాగి తీయడం నేర్చుకున్నాయి. లోపలికి దూరాక తలుపు మూసుకుపోతే సీట్లన్నీ చీల్చేస్తాయి. ఆ మధ్య "హ్యాంక్ ద ట్యాంక్" అని పేరుపడ్డ ఎలుగు ఇళ్లల్లో దూరి ఊరంతా టెన్షన్ పెట్టింది. 2023లో పట్టుకుంటే అది ఆడది. కొలరాడో పంపించారు.

చలికాలం డ్రైవింగ్ గురించి మీకు ఇక్కడే చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, రెండు మాటలతో వదిలేస్తాను. ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగే) కారైనా, చెయిన్ కంట్రోల్ ఉన్నచోట, అంటే మంచు వల్ల టైర్లకి గొలుసులు కావాలని రూలు పెట్టినచోట, చెయిన్లు కార్లో ఉండాల్సిందే. అద్దె కారైతే చెయిన్లు వేయనిస్తారో లేదో ముందే కాంట్రాక్టులో చూసుకోండి. స్లెడ్డింగ్ (మంచు మీద పలకపై కూర్చుని జారడం) కోసం హైవే పక్కన ఆపకండి, పర్మిట్ తీసుకుని, మంచులో ఆడుకునేవాళ్ల కోసం పార్కింగ్ ఉన్న స్నో పార్కుకి వెళ్లండి. విరిగిన ప్లాస్టిక్ స్లెడ్ అక్కడ పారేస్తే వేసవిలో ఏరేది మేమే.

ఎప్పుడు రావాలంటే నా ఓటు లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక, అక్టోబర్ సగం దాకా, అదీ వారం మధ్యలో. జనం పల్చబడతారు. అక్టోబర్‌లో టేలర్ క్రీక్‌లో కొకనీ సాల్మన్ చేపలు ఎర్రగా మారి ఏటికి ఎదురీదుతాయి. హోప్ వ్యాలీలో ఆస్పెన్ చెట్లు పసుపు పులుముకుంటాయి. కార్చిచ్చు పొగ ఉందేమో బయల్దేరే ముందు చూసుకోండి. 2021లో కాల్డోర్ మంటలప్పుడు ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది.

సరస్సు నైరుతి మూలనున్న ఎమరాల్డ్ బేకి పొద్దున ఎనిమిదింటిలోపే వెళ్లండి, తర్వాత పార్కింగ్ దొరకదు. కింద వైకింగ్స్‌హోమ్ అనే 1929 నాటి భవనం దాకా ఒక మైలు దిగుడు. దిగడం సులువే. అమ్మానాన్నల్ని తీసుకొస్తే తిరిగి ఎక్కాల్సింది కూడా అదే మైలని గుర్తుంచుకోండి. నెవాడా వైపు వెళ్తే కేవ్ రాక్ కనిపిస్తుంది. వాషో తెగవాళ్లకి అది పవిత్రమైన కొండ, తాళ్లు కట్టి ఎక్కడం నిషిద్ధం. దూరం నుంచి చూడండి.

ఆదివారం తిరుగు ప్రయాణానికి పొద్దున పదిలోపు బయల్దేరండి, కుదరకపోతే రాత్రి భోంచేసి వెళ్లండి. ట్రాఫిక్ ఉన్నప్పుడు ఫోన్ మిమ్మల్ని పక్కనే ఉన్న మేయర్స్ అనే ఊళ్లోని ఇళ్ల వీధుల్లోకి తిప్పుతుంది. దాని మాట వినకండి. ఆ వీధుల చివర మళ్లీ హైవే 50యే వస్తుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.