హీటింగ్‌కు ఒక హద్దు పెట్టండి

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం గ్యాస్ ఎనలైజర్‌లో ఎమిషన్ కరెంట్ నియంత్రణ. మామూలుగా ఈ మాట మాన్యువల్ చివరి పేజీల్లో ఒక పేరాతో అయిపోతుంది. అది నాకు బాధగా ఉంటుంది.

వాక్యూమ్ ఛాంబర్‌లో ఏ వాయువులు మిగిలాయో చెప్పే ఈ ఎనలైజర్‌లో వేడెక్కిన ఫిలమెంట్ (సన్నని లోహపు తీగ) నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఆ ప్రవాహమే ఎమిషన్ కరెంట్. చాలా పరికరాల్లో వాటికి 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిచ్చి ఆనోడ్ వైపు లాగుతాం. దారిలో అవి గ్యాస్ అణువుల్ని అయాన్లుగా మారుస్తాయి. తక్కువ పీడనంలో అయాన్ కరెంట్ పీడనానికీ, ఎమిషన్ కరెంట్‌కూ అనులోమంగా ఉంటుంది. 1 మిల్లీఆంపియర్ ఉండాల్సిన ఎమిషన్ 0.8కి పడిపోతే తెరమీద ప్రతి పీకూ (ఒక్కో ద్రవ్యరాశి అయాన్లు ఎన్ని వచ్చాయో చూపే శిఖరం) ఐదోవంతు తగ్గుతుంది. ఛాంబర్‌లో ఏమీ మారకపోయినా సరే.

"హీటింగ్ కరెంట్‌ను స్థిరంగా ఉంచితే చాలదా?" అని అడుగుతారు. చాలదు. రిచర్డ్‌సన్ సూత్రం ప్రకారం ఎమిషన్ ఉష్ణోగ్రతతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. టంగ్‌స్టన్ 2200 కెల్విన్ దగ్గర ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ఒక్క శాతం పెరిగితే ఎమిషన్ 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. పైగా ఉపరితలం మీద ఆక్సిజన్ చేరితే వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ బయటపడటానికి కావాల్సిన శక్తి) పెరిగి ఎమిషన్ పడిపోతుంది. తీగ కూడా రోజురోజుకీ సన్నబడుతుంది. అందుకే ఎమిషన్‌నే కొలిచి, దాన్ని బట్టి హీటింగ్‌ను సర్దే లూప్ కావాలి. ఫిలమెంట్ వేడెక్కడానికీ చల్లారడానికీ కొంత సమయం పడుతుంది కాబట్టి లూప్ తొందరపడితే ఊగిసలాట మొదలవుతుంది. గెయిన్, అంటే లూప్ ఎంత గట్టిగా స్పందించాలనే సంగతి ఇంతటితో వదిలేస్తాను, పుస్తకాల్లో బాగానే ఉంది.

పుస్తకాల్లో లేనిది చెబుతాను. ఒక ల్యాబ్‌లో కేబుల్ మార్చారు. ఆనోడ్ పిన్ సరిగ్గా కూర్చోలేదు. కంట్రోలర్‌కు కనిపించిన ఎమిషన్ సున్నా. సున్నా కనిపిస్తే లూప్ ఏం చేస్తుంది? హీటింగ్ పెంచుతుంది. ఇంకా పెంచుతుంది. ఫిలమెంట్ తెగిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ కంట్రోలర్ దానంతట అదే రెండో ఫిలమెంట్‌కు మారి దాన్నీ అలాగే కాల్చేసింది. ఛాంబర్‌లోకి గాలి వదిలి, దాన్ని విప్పి, మళ్లీ బేక్ చేసి (వేడిచేసి లోపలి తేమ, వాయువులు వదిలించి), జరుగుతున్న ప్రయోగం మొత్తం ఆపాల్సి వచ్చింది. తయారీదారు ఇచ్చిన జవాబు: "ఫిలమెంట్ వినియోగ వస్తువు, వారంటీ వర్తించదు." ఇన్నేళ్లయినా ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. ఆ ఫిలమెంట్లు అరిగిపోలేదండీ! హీటింగ్‌కు హద్దు పెట్టని డిజైన్ వాటిని చంపింది.

ఇక్కడ కంట్రోలర్లు తయారుచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? మీకే చెబుతున్నాను. హీటింగ్ కరెంట్‌కు లూప్ దాటలేని గరిష్ఠ పరిమితి పెట్టండి. హీటింగ్ ఆ పరిమితికి చేరినా ఎమిషన్ రాకపోతే ఆపేయండి, కారణం తెరమీద రాయండి. మనిషి చూసి ఒప్పుకునే దాకా రెండో ఫిలమెంట్ జోలికి వెళ్లకండి. పీడనం పెరిగితే ఆపడానికి ఇంటర్‌లాక్ పెడుతున్నారు, సంతోషం. దీనికెందుకు పెట్టరు?

వాడేవాళ్లకూ ఒక మాట. పీకులన్నీ ఒకే నిష్పత్తిలో మారితే లీక్ వెతకడానికి హీలియం పట్టుకుని తిరగకముందు ఎమిషన్ చూడండి. గాలి లీక్ అయితే ద్రవ్యరాశి 28 (నైట్రోజన్), 32 (ఆక్సిజన్) పీకులు పెరుగుతాయి. వాటితోపాటు హైడ్రోజన్ 2, నీటి 18 కూడా అదే నిష్పత్తిలో ఎందుకు పెరుగుతాయి? ఇంకో పరీక్ష: బయాస్ (ఎలక్ట్రాన్లను లాగే వోల్టేజ్) ఉంచి హీటింగ్ ఆపండి. ఫిలమెంట్ చల్లారాక కూడా ఎమిషన్ మీటర్ మైక్రోఆంపియర్లు చూపిస్తోందంటే అవి ఎలక్ట్రాన్లు కావు. మురికి పట్టిన ఇన్సులేటర్ మీదుగా, లేదా కేబుల్లో కారుతున్న కరెంట్ అది. లూప్ దాన్ని కూడా ఎమిషన్‌లో కలిపేసి అసలు ఎమిషన్‌ను ఆ మేరకు తగ్గిస్తుంది.

స్పెక్ట్రమ్‌ను (ఆ పీకుల పటాన్ని) భద్రపరిచే ప్రతి ఫైల్‌లో ఆ క్షణపు ఎమిషన్ కరెంట్, హీటింగ్ కరెంట్ రెండూ ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ ఇవ్వకపోతే తయారీదారుకు ఈ వారమే ఉత్తరం రాయండి. నేను రాస్తూనే ఉన్నాను.