ఓహెచ్ ఏ కార్బన్ మీద ఉంది?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంటర్ విద్యార్థులకు ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి పదవీ విరమణ చేసిన లెక్చరర్ గారు ఈ రోజు మన స్టూడియోలో ఉన్నారు. అంశం ఆల్కహాల్‌లు. నిన్న ప్రకటన విన్న ఒక పెద్దాయన, "మద్యం మాన్పించే కార్యక్రమమా?" అని ఆశగా అడిగారు. కాదండీ, రసాయన శాస్త్రమే. మొదటి ఫోను ఖమ్మం నుంచి. చెప్పమ్మా.

విద్యార్థిని: నమస్తే సార్. నేను ఇంటర్ రెండో సంవత్సరం. గ్లిజరాల్ ఏ రకం ఆల్కహాల్ అని పరీక్షలో అడిగితే టెర్షియరీ అని రాశాను. అందులో మూడు ఓహెచ్‌లు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉన్నాయి కదా! సున్నా వేశారు.

లెక్చరర్: వేయాల్సిందేనమ్మా. ఏటా తరగతిలో సగం మంది ఈ గుంటలోనే పడేవారు. ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలు ఉన్నాయి. ఓహెచ్‌లు ఎన్ని అని చూస్తే మోనోహైడ్రిక్, డైహైడ్రిక్, ట్రైహైడ్రిక్ అంటాం. ఆ లెక్కలో గ్లిజరాల్ ట్రైహైడ్రిక్. ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అనేది ఇంకో లెక్క. అక్కడ ఓహెచ్‌లను లెక్కపెట్టం. దగ్గర కాగితం ఉందా?

విద్యార్థిని: ఉంది సార్.

లెక్చరర్: మూడు కార్బన్‌లు వరుసగా వేసి, ఒక్కోదానికి ఒక ఓహెచ్ తగిలించు. ఇప్పుడు చివరి కార్బన్ మీద వేలు పెట్టు. దానికి నేరుగా అంటుకొని ఉన్న కార్బన్‌లు ఎన్ని?

విద్యార్థిని: ఒకటే.

లెక్చరర్: అయితే అది ప్రైమరీ. వేలు మధ్య కార్బన్ మీదికి జరుపు.

విద్యార్థిని: అటొకటి, ఇటొకటి... రెండు. అంటే సెకండరీ! రెండో చివర మళ్లీ ప్రైమరీ. టెర్షియరీ అసలు లేనే లేదు సార్.

లెక్చరర్: లేదు. ఓహెచ్ ఉన్న కార్బన్‌కు మూడు పక్కలా కార్బన్‌లే ఉంటేనే టెర్షియరీ.

విద్యార్థిని: మరి మిథనాల్‌కు పక్కన కార్బనే లేదు కదా సార్?

లెక్చరర్: పుస్తకాలు దాన్ని ప్రైమరీల జట్టులోనే కలిపేశాయి. కారణం ఉంది. ప్రైమరీ ఆల్కహాల్‌ను ఆక్సీకరణం చేస్తే ముందు ఆల్డిహైడ్, తరువాత ఆమ్లం వస్తాయి. సెకండరీ అయితే కీటోన్ దగ్గర ఆగిపోతుంది. టెర్షియరీలో ఆ కార్బన్ మీద హైడ్రోజనే లేదు కనుక తేలిగ్గా లొంగదు. మిథనాల్ నడక ప్రైమరీ నడకే. దీని మాట మళ్లీ వస్తుందేమో, చూద్దాం.

వ్యాఖ్యాత: నెల్లూరు నుంచి ఒక గృహిణి.

గృహిణి: నమస్కారమండీ. చర్మం పొడిబారుతోందని ఒక క్రీము కొన్నాను. డబ్బా మీద సీటైల్ ఆల్కహాల్ అని ఉంది. ఆల్కహాల్ చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది, పారేయమంటోంది మా అమ్మాయి.

లెక్చరర్: పారేయకండి. శానిటైజర్‌లో ఉండేది రెండు కార్బన్‌ల ఇథనాలో, మూడు కార్బన్‌ల ఐసోప్రొపైల్ ఆల్కహాలో. చేతి మీద పోస్తే చల్లగా తగిలి ఎగిరిపోతుంది. సీటైల్ ఆల్కహాల్‌లో 16 కార్బన్‌ల గొలుసు ఉంది. చూడటానికి తెల్లటి మైనం. చర్మం మీద పొరలా నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. ఒకప్పుడు తిమింగలం తలలోని మైనం నుంచి తీశారు. సీటైల్ అన్న మాట కూడా తిమింగలం లాటిన్ పేరు నుంచే వచ్చింది. ఇప్పుడు పామాయిల్ నుంచి చేస్తున్నారు. కొద్దిమందికి పడకపోవచ్చు. దురద, ఎరుపు కనిపిస్తే మాత్రం ఆపి చర్మ వైద్యులకు చూపించండి.

వ్యాఖ్యాత: రాజమహేంద్రవరం నుంచి. ఏం చేస్తుంటారండీ?

శ్రోత: చెక్క పాలిష్ పని సార్. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో రుద్దుతాం. మాకు తెలిసినాయన మిథనాల్ చవకగా ఇప్పిస్తానంటున్నాడు. లక్క అందులోనూ కరుగుతుందట. ఏదైనా ఆల్కహాలే కదా అంటాడు.

లెక్చరర్: కరుగుతుంది. అయినా కొనవద్దు. తలుపులు మూసి పని చేస్తారా?

శ్రోత: దుమ్ము పడుతుందని మూస్తాం సార్. సాయంత్రానికి తల దిమ్ముగా ఉంటుంది.

లెక్చరర్: ముందు ఆ తలుపులు తీయండి. స్పిరిట్‌లో ముఖ్యంగా ఉండే ఇథనాల్‌కూ మిథనాల్‌కూ తేడా ఒక్క కార్బన్. రెండింటికీ రంగు లేదు, వాసన చూసి వేరు చేయలేం. కాలేయంలో ఒకే ఎంజైమ్ రెండింటినీ మారుస్తుంది. ఇథనాల్ చివరికి అసిటిక్ ఆమ్లం అవుతుంది. అది మన వంటింటి వెనిగర్‌లో ఉండేదే. మిథనాల్ ఫార్మాల్డిహైడ్ అయి, ఆపైన ఫార్మిక్ ఆమ్లం అవుతుంది. ఇందాక ఆ అమ్మాయికి చెప్పిన ఆక్సీకరణమే ఇది, కాకపోతే ఒంట్లో జరుగుతుంది. ఆ ఫార్మిక్ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. తాగితేనే అనుకోకండి, ఆవిరి పీల్చినా, చర్మం గుండా ఇంకినా ప్రమాదమే.

శ్రోత: మేము ఉత్త చేతులతోనే రుద్దుతాం సార్...

లెక్చరర్: రసాయనాలకు పనికొచ్చే చేతి తొడుగులు వేసుకోండి. మామూలు స్పిరిట్‌లో కూడా తాగకుండా ఉండేందుకు మిథనాల్ కలుపుతుంటారు. డబ్బా మీది అక్షరాలు చదివి కొనండి, చేతి సీసాల్లో పోసిచ్చింది వద్దు. చూపు మసకబారితే ఇంట్లో పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ దీనికి విరుగుడు ఉంది.

వ్యాఖ్యాత: చివరి ఫోను కర్నూలు నుంచి, ఒక కెమిస్ట్రీ ఉపాధ్యాయిని.

ఉపాధ్యాయిని: సార్, ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ ఆల్కహాల్‌లను వేరుగా గుర్తించే లూకాస్ పరీక్ష చేయిద్దామని టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ సీసా తీస్తే గడ్డకట్టి ఉంది. పాడైపోయిందా?

లెక్చరర్: (నవ్వుతూ) లేదమ్మా. మా కాలేజీలో సంక్రాంతి సెలవుల తరువాత అటెండర్ ఇదే సీసాను చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాడు. దాని ద్రవీభవన స్థానం సుమారు 25 డిగ్రీలు. చలికాలం ఉదయం గడ్డ, మధ్యాహ్నం ద్రవం. మరిగేదేమో 82 డిగ్రీల దగ్గర. అవే నాలుగు కార్బన్‌లు తిన్నగా ఉండే బ్యూటనాల్ మరగాలంటే 118 కావాలి. గుబురుగా ఉన్న అణువులు ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకోలేవు.

ఉపాధ్యాయిని: పిల్లలకు ఫలితం ఎలా చెప్పమంటారు?

లెక్చరర్: గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అనార్ద్ర జింక్ క్లోరైడ్ కలిపిందే కదా కారకం. టెర్షియరీ అయితే వెంటనే మబ్బు పడుతుంది. సెకండరీకి ఐదు నిమిషాలు పట్టవచ్చు. ప్రైమరీ గది ఉష్ణోగ్రత దగ్గర తేటగా ఉండిపోతుంది. బెంజైల్ ఆల్కహాల్ ఇవ్వకండి. అది ప్రైమరీయే అయినా చటుక్కున మబ్బు పడి పిల్లల్ని తికమక పెడుతుంది.

ఉపాధ్యాయిని: మధ్యాహ్నమే ప్రాక్టికల్ సార్. అయితే ఈ సీసాను కాస్త వేడి చేయిస్తాను.

లెక్చరర్: మంట మీద పెట్టించేరు, భగ్గుమంటుంది! మూత కొంచెం వదులు చేసి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. పది నిమిషాలు ఓపిక పడితే అదే కరుగుతుంది.