కైరో గోడ వెనక వెయ్యేళ్ల చిత్తు కాగితాలు

[తెర మీద: పాత ఉత్తరం. అంచులు చిరిగి, అక్కడక్కడ చిల్లులు పడి ఉంది]

ఈ ఉత్తరం చూడండి. సుమారు 850 ఏళ్ల కిందట ఒక తమ్ముడు అన్నకు రాశాడు. ఎర్రసముద్రం ఒడ్డున ఐధాబ్ అనే రేవు నుంచి. ఎడారి దాటి ప్రాణాలతో వచ్చాను, ఇక్కడ కొనదగ్గ సరుకేమీ దొరకలేదు, అందుకే ఓడెక్కి ఇండియా వెళ్తున్నాను, కంగారు పడకు అని సారాంశం.

తమ్ముడి పేరు డేవిడ్. అన్న మైమోనిడీస్, యూదుల్లో మహాపండితుడు, వైద్యుడు. డేవిడ్ హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. ఆ దిగులుతో అన్న ఏడాది పాటు మంచం పట్టాడు. ఏళ్లు గడిచాక కూడా, తమ్ముడి చేతిరాత కంటబడితే చాలు, గుండె తరుక్కుపోతోందని ఒకరికి రాసుకున్నాడు. అలా ఆయన తీసి చూసుకున్న ఉత్తరాల్లో ఇదీ ఒకటేమో!

[తెర మీద: పాత కైరో, బెన్ ఎజ్రా సినగాగ్ లోపలి భాగం]

ఇది దొరికింది ఇక్కడే. పాత కైరోలో, ఒకప్పటి ఫుస్తాత్ పట్టణంలో యూదుల ప్రార్థనా మందిరం ఇది. పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్లకద్దుకుంటాం కదా, వాళ్లకు దేవుడి పేరున్న కాగితం అంతకన్నా ఎక్కువ. దాన్ని చింపకూడదు, కాల్చకూడదు. పాడైపోతే ఒకచోట దాచి, తర్వాత మట్టిలో పూడ్చిపెడతారు. అలా దాచే చోటును గెనీజా అంటారు. ఈ సినగాగ్‌లో అది గోడ వెనక ఉన్న గది. పైనున్న కన్నంలోంచి కాగితాలు లోపలికి జారవిడిచేవారు. పూడ్చడం మాత్రం పెద్దగా జరగలేదు. వందల ఏళ్లు అలా పేరుకుపోయాయి. ఈజిప్టు పొడి గాలికి కుళ్లిపోకుండా మిగిలాయి.

పైగా, హీబ్రూ అక్షరాల్లో ఉన్నదేదైనా సరే, అందులో వేశారు. పెళ్లి ఒప్పందాలు, అప్పు పత్రాలు, సరుకుల చిట్టాలు, పిల్లలు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు. ఏది ముఖ్యం, ఏది కాదు అని ఎవరూ ఏరలేదు. నన్నడిగితే ఆ సమాజం మనకు చేసిన మేలు అదే. ఏరి ఉంటే గ్రంథాలు మిగిలేవి, మనుషులు మిగిలేవాళ్లు కాదు.

[తెర మీద: మ్యాప్. ఏడెన్ నుంచి మంగళూరుకు గీత]

ఈ కాగితాల్లో మన దేశం కూడా కనిపిస్తుంది. 12వ శతాబ్దంలో అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడు మన మంగళూరులో చాలా ఏళ్లు కాపురమున్నాడు. ఇత్తడి సామాను చేయించేవాడు, మిరియాలు, వక్కలు ఎగుమతి చేసేవాడు. రాసుకోవడానికి కాగితం కూడా యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఉన్న స్నేహితులే పంపేవారు. అందుకే వచ్చిన ఉత్తరం వెనకవైపే లెక్కలు వేసుకునేవాడు. ఆ లెక్కలు ఇవాళ్టికీ చదవొచ్చు.

[తెర మీద: కేంబ్రిడ్జ్‌లో పెట్టెల మధ్య, తల చేతికి ఆనించి కూర్చున్న షెక్టర్ ఫొటో]

19వ శతాబ్దం చివర్లో సినగాగ్‌ను తిరిగి కట్టారు. అక్కడి ముక్కలు పాత వస్తువుల బజారుకు చేరాయి. అలా అమ్మకానికొచ్చిన కొన్నింటిని స్కాట్లాండ్‌కు చెందిన కవల అక్కచెల్లెళ్లు కొని, 1896లో కేంబ్రిడ్జ్ పండితుడు సోలమన్ షెక్టర్‌కు చూపించారు. ఆ ఏడాది చివర్లోనే ఆయన కైరో వెళ్లి, ఆ దుమ్ములో వారాల తరబడి కూర్చుని, సుమారు 1,93,000 ముక్కలు కేంబ్రిడ్జ్‌కు చేర్చాడు. కైరో యూదుల ప్రధాన రబ్బీ, అంటే మతగురువు, అనుమతితోనే తీసుకెళ్లాడు. అయినా ఒక ఊరి జ్ఞాపకం సొంత ఊళ్లో లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. అక్కడే వదిలేసి ఉంటే బజారులో తలో ముక్కా అయిపోయేదన్నదీ నిజమే.

[తెర మీద: పారదర్శకమైన కవర్‌లో ఉంచిన చిరుగు ముక్క]

ఇప్పుడు ముక్కలను ఇలా కవర్లలో ఉంచి, ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒకే కాగితంలో సగం కేంబ్రిడ్జ్‌లో, మిగతా సగం ఇంకో దేశపు లైబ్రరీలో ఉంటే, చేతిరాత, చిరిగిన అంచు చూసి కంప్యూటర్ సాయంతో జత కలుపుతున్నారు. ఆసక్తి ఉన్న మామూలు జనం కూడా ఇంట్లోంచే అక్షరాలు గుర్తుపట్టి సాయం చేశారు.

[తెర మీద: మళ్లీ డేవిడ్ ఉత్తరం, మెల్లగా దగ్గరికి]

తన భార్యను ఓదార్చమని డేవిడ్ అన్నను అడిగిన మాటలు ఇందులోనే ఉన్నాయి.